పాత స్ప్లెండర్‌ని కేఫ్ రేసర్ చెయ్యడం ఎలా (గ్రైండర్ ముట్టుకోకుండా)

"అన్నా, మా నాన్న పాత స్ప్లెండర్ ఇంట్లో ఊరికే పడుంది, కేఫ్ రేసర్ చేయిద్దామనుకుంటున్నా, ఎంతవుద్ది?"

నెలకి నలుగురైనా ఇదే అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చొప్పున చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకని ఈసారి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. ఇంకెవరైనా అడిగితే ఇదే పంపించండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. గ్రైండర్ (ఇనుము కోసే మిషను) కొనొద్దు, అరువు తేవొద్దు, గ్రైండర్ ఉన్న స్నేహితుణ్ణి మొదటి నెల బండి దగ్గరికి రానివ్వొద్దు. నేను చేసిన మొదటి బండికి వీడియోలు చూసి మొదటిరోజే వెనక చాసిస్ కోసేశాను. గుండ్రటి పైపు వంచి వెల్డింగ్ పెట్టించాం, ఫొటోల్లో అదిరింది. ఆ తర్వాత ఆర్‌సీ రెన్యూవల్‌కి తీసుకెళ్తే అక్కడ బండిని చూసి నవ్వి పంపించేశారు. తప్పు వాళ్ళది కాదు, నాదే. కోసేసిన ముక్క ఇనప సామాన్లవాడికి ఎప్పుడో అమ్మేశాను. అలాంటి ముక్క మళ్ళీ పాత సామాన్లలో వెతికి, తెచ్చి, అతికించడానికి పెట్టిన డబ్బుతో ఇంకో బండికి పెయింటింగ్ అయిపోయేది. అందుకే ఇక్కడ చెప్పేదంతా నట్లు విప్పితే మళ్ళీ మామూలు స్ప్లెండర్ అయ్యే పద్ధతి. కేఫ్ రేసర్ లుక్కులో చాలా భాగం కోత లేకుండానే వస్తుంది.

కేఫ్ రేసర్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: 1950లు, 60లలో లండన్‌లో నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కేఫ్ లాంటి చోట్ల కుర్రాళ్ళు టీ తాగి, గంటకి వంద మైళ్ళు కొట్టాలని బళ్ళ మీద బరువంతా పీకేసి, హ్యాండిల్ కిందికి దించి, సీటు వెనక్కి జరిపి నడిపేవాళ్ళు. ఆ రూపమే ఇది. వంద మైళ్ళంటే 160 కిలోమీటర్లు, మన స్ప్లెండర్ 97.2 సీసీ. కాబట్టి స్పీడ్ సంగతి ఇక్కడే మర్చిపోదాం. చూడ్డానికి బాగుండాలి, బ్రేకు పడాలి, రోజూ ఆఫీసుకి వెళ్ళిరాగలగాలి. అంతే.

ముందు కాగితాలు

ఈ భాగం దాటేసి కిందికి వెళ్ళిపోయేవాళ్ళే తర్వాత ఫోన్ చేస్తారు, అందుకని చదవండి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సైలెన్సర్ మోతకి వేరే లెక్క: 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, పైగా మూడు నెలలు లైసెన్సుకి కూడా ఎసరు. పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లో మీరూ చూసే ఉంటారు.

రంగు ఆర్‌సీలో ఉంటుంది, మారిస్తే ఆర్టీఓ దగ్గర రాయించుకోవాలి. ఇంజిన్ మారిస్తే ఇంకా పెద్ద పని. ఇన్సూరెన్స్‌వాళ్ళకి చెప్పకుండా మార్పులు చేస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. నేను చెప్పే పద్ధతిలో రిస్కు తగ్గుతుంది కానీ సున్నా అవదు, ఆ నిర్ణయం మీదే. ఒక చిట్కా మాత్రం చెప్తాను: బండికి పదిహేనేళ్ళు నిండబోతుంటే ముందు మామూలు రూపంలోనే రెన్యూవల్ చేయించేయండి. అయిదేళ్ళు వస్తుంది. ఆ తర్వాత పానా పట్టుకోండి.

ఏ బండి?

నా మాట స్ప్లెండరే. ఎందుకంటే గుండ్రటి స్పోకు చక్రాలు, రెండూ 18 ఇంచులే, వెనక రెండు షాకప్‌లు, ఇనప ట్యాంకు, ఏ ఊళ్ళోనైనా దొరికే సామాను. ఆర్‌ఎక్స్100 ఉంటే దయచేసి దాన్ని అలాగే ఉంచండి, ఒరిజినల్‌గా ఉన్న బండికే ఇప్పుడు విలువ, మీరు మార్చిన మరుక్షణం అది సగానికి పడిపోతుంది. బుల్లెట్ అయితే బరువూ ఖర్చూ రెండూ వేరు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. సీడీ100 కూడా బాగుంటుంది, దొరికితే.

కావలసినవి

- 8 నుంచి 19 దాకా రింగు పానాలు, బాక్స్ పానా సెట్టు, మంచి స్టార్ స్క్రూడ్రైవర్ (మంచిది, యాభై రూపాయలది స్క్రూ తల తినేస్తుంది)
- మల్టీమీటర్, మాస్కింగ్ టేపు, మార్కర్
- వెర్నియర్ కాలిపర్ లేదా కనీసం స్టీలు స్కేలు
- జిప్ కవర్లు, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు
- రస్ట్ స్ప్రే, గ్రీజు, కిరోసిన్, పాత బనియన్లు
- ఒక నెయిల్ పాలిష్ సీసా (ఎందుకో చివర్లో చెప్తా)
- వానకి తడవని చోటు, కనీసం నెలన్నర పాటు. వారాంతాల్లోనే చేస్తే మూడు నెలలు అనుకోండి

డబ్బు సంగతి: ఎంతైనా సరే, చేతిలో ఉన్నదాంట్లో సగం ఇంజిన్, బ్రేకులు, టైర్లు, చైన్ సెట్టుకి పక్కన పెట్టండి. మిగిలిన సగంతోనే సోకు. రివర్సులో చేసినవాళ్ళ బళ్ళు సగం విప్పి, పైన దుప్పటి కప్పి, మేడమెట్ల కింద కనిపిస్తాయి.

1. బండిని ముందు పరీక్షించండి

చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయా చూడండి. స్ప్లెండర్‌కి చాసిస్ నంబరు హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ మీద ఉంటుంది. తుప్పుతో కనపడకపోతే కిరోసిన్ గుడ్డతో మెల్లగా రుద్దండి, ఎమరీ పేపర్ వద్దు.

చల్లటి ఇంజిన్ కిక్ కొట్టి చూడండి. కాలికి ఆనాలి, మెత్తగా దిగిపోతే కంప్రెషన్ పోయినట్టు. స్టార్టయ్యాక నీలం పొగ వస్తే రింగులో వాల్వ్ సీళ్ళో పోయాయి. వెనక పది అడుగుల దూరంలో కూర్చుని, ఎవరినైనా తిన్నగా నడపమని చూడండి, రెండు చక్రాలూ ఒకే గీత మీద వెళ్ళకపోతే చాసిస్ వంగిన బండి. అది వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు.

2. విప్పే ముందు ఫొటోలు

ప్రతి వైపు నుంచీ తీయండి. ముఖ్యంగా కేబుళ్ళు ఏ దారిన వెళ్తున్నాయో, హెడ్‌లైట్ లోపల వైర్లు ఎలా కలిశాయో. ఇరవై ఫొటోలు చాలనిపిస్తుంది, వంద తీయండి. ప్రతి వైరు జాయింటుకీ రెండు వైపులా మాస్కింగ్ టేపు కట్టి ఒకే నంబరు వేయండి. విప్పిన బోల్టుల్ని ఏ భాగానివి ఆ కవర్లో వేసి పేరు రాయండి. "గుర్తుంటుందిలే" అనుకున్న ప్రతిదీ మూడో వారానికి మర్చిపోతారు.

3. మొదట బండి ఆరోగ్యం

సోకు పనులకి ముందు ఇవి పూర్తి కావాలి. ఇంజిన్ పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి: వాల్వ్ టాపెట్లు, టైమింగ్ చైను, క్లచ్ ప్లేట్లు, ఆయిల్ లీకులు. మిగతావి మీరే చేసుకోవచ్చు. బ్రేకు షూలు కొత్తవి వేయండి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి, మధ్యలో ఎక్కడైనా గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్టు (హ్యాండిల్ మెడలో ఉండే బేరింగులు) మార్చాలి. చక్రం పక్కలకి ఊపితే టకటకమంటే బేరింగులు.

పెట్రోల్ పైపు మార్చడం మర్చిపోవద్దు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకి అది పడదు, పైపు గట్టిపడి చీలుతుంది. కార్బొరేటర్‌లో రబ్బరు వాషర్లు కూడా అప్పుడే మార్పించండి.

ఈ దశ అయ్యాక ఓ వంద కిలోమీటర్లు మామూలు స్ప్లెండర్‌లాగే నడపండి. ఇది చాలామంది చెయ్యరు. చెయ్యకపోతే తర్వాత ఏ మోత పాతదో, ఏది మీరు తెచ్చిపెట్టుకున్నదో తెలీదు.

4. గీత చూసుకోండి

కేఫ్ రేసర్ అందం రంగులో ఉండదు, గీతలో ఉంటుంది. ట్యాంకు అడుగు అంచు, సీటు అడుగు అంచు కలిపి ఒకటే తిన్నటి గీతలా, నేలకి సమాంతరంగా వెళ్ళాలి. పిరుదులు ఎత్తినట్టు వెనక లేచినా, ట్యాంకు వెనక్కి వాలి సీటు మీద పడ్డట్టున్నా ఎంత ఖర్చు పెట్టినా తేడా కొడుతుంది.

బండిని చదును నేల మీద నిలబెట్టి, పక్కన అయిదారడుగుల దూరంలో కూర్చుని, ఫోను చక్రం ఇరుసు ఎత్తులో పెట్టి ఫొటో తీయండి. నిలబడి తీస్తే గీత మోసం చేస్తుంది. ఆ ఫొటో మీద వేలితో గీత గీసి చూడండి. స్ప్లెండర్ ట్యాంకు వెనక్కి కొంచెం వాలి ఉంటుంది. ట్యాంకు వెనక బోల్టు దగ్గర రబ్బరు కింద మందపాటి వాషర్లు వేసి కొద్దిగా లేపితే చాలాసార్లు సరిపోతుంది. ఎక్కువ లేపితే పెట్రోల్ కాక్ పైపు లాగబడుతుంది, చూసుకోండి. మిగతా తేడా సీటు ఫోమ్‌తో సర్దుకోవచ్చు. చాసిస్ కొయ్యాలనే కోరిక పుట్టేది సరిగ్గా ఇక్కడే. ఓ కప్పు టీ తాగి రండి.

5. హ్యాండిల్

అందరూ అడిగేది క్లిప్-ఆన్‌ల గురించి, అంటే ఫోర్కు పైపులకి విడివిడిగా బిగించే రెండు ముక్కల హ్యాండిల్. నేను వద్దంటాను. ఫుట్‌రెస్టులు ముందరే ఉండి చేతులు మాత్రం కిందికి వెళ్తే నడుము మధ్యకి విరుగుతుంది, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పది నిమిషాలకే మణికట్లు లాగేస్తాయి. ఫుట్‌రెస్టులు కూడా వెనక్కి జరపొచ్చుగా అంటారు. జరిపితే కిక్ రాడ్డు కిందికి దిగే దారిలో కుడి ఫుట్‌రెస్టు అడ్డం వస్తుంది, గేర్ రాడ్డుకి లింకులు పెట్టాలి, లింకు తిప్పి పెడితే గేర్లు తలకిందులవుతాయి. మొదటి బండికి అంత తలనొప్పి అక్కర్లేదు.

బదులుగా పొట్టి, ఫ్లాట్ హ్యాండిల్ వేయండి. స్ప్లెండర్ హ్యాండిల్ గొట్టం మందం 22 ఎంఎం, చాలా బళ్ళకి ఇదే సైజు, దొరకడం ఈజీ. లుక్కు తొంభై శాతం వస్తుంది, నడుము నూరు శాతం మిగులుతుంది.

ఇక్కడ చిన్న మెలిక. స్విచ్ డబ్బా లోపల చూస్తే బుల్లి మొటిమలాంటి పిన్ను ఉంటుంది, అది హ్యాండిల్‌లో ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త హ్యాండిల్‌కి ఆ రంధ్రం ఉండదు. చాలామంది ఆ పిన్నుని నరికేసి బిగిస్తారు, అప్పుడు ఏదో ఓ రోజు యాక్సిలేటర్ లాగితే స్విచ్ డబ్బా మొత్తం చేతితో పాటు తిరుగుతుంది. హ్యాండిల్‌ని బండి మీద పెట్టి, చేతులు ఆన్చి, మీకు అనుకూలమైన చోట గుర్తు పెట్టి, డ్రిల్లింగ్ చేయించండి. రెండుసార్లు కొలవండి.

సరిచూసుకోవడం ఇలా: హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పండి. వేళ్ళు ట్యాంకుకి తగలకూడదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి మళ్ళీ తిప్పండి, తిప్పినప్పుడు ఇంజిన్ మోత పెరిగితే యాక్సిలేటర్ కేబుల్ లాగబడుతోందన్నమాట. యూ-టర్న్ మధ్యలో బండి తనంతట తనే దూకడం ఎలా ఉంటుందో అనుభవం మీద తెలుసుకోవద్దు, కేబుల్ దారి మార్చండి. హ్యాండిల్ దిగింది కాబట్టి కేబుళ్ళు పొడుగవుతాయి, వాటిని మడిచి కట్టెయ్యకుండా వెడల్పుగా చుట్టు తిప్పండి.

6. సీటు

పాత సీటు తీసి అటక మీద పెట్టండి, దాని మీద పని చెయ్యొద్దు. కొత్త సీటుకి అడుగు ఫైబర్‌తో చేయించవచ్చు. ఫైబర్ పని చేసేవాళ్ళు ఆటోనగర్లలో ఉంటారు, విజయవాడ జవహర్ ఆటోనగర్ అయితే లేతు, వెల్డింగు, సీటు కుట్టేవాళ్ళు అన్నీ ఒకే చుట్టు తిరుగుడులో అయిపోతాయి. హైదరాబాద్ వాళ్ళు కొత్త సామానుకి రాణిగంజ్, పాతవాటికి గోషామహల్ తిరగండి.

పాత సీటు ఏ బోల్టులకి, ఏ కొక్కేనికి బిగుసుకుందో కొత్త అడుగు కూడా సరిగ్గా వాటికే రావాలి. ఫైబర్ మనిషికి నోటితో చెప్తే సరిపోదు. పాత సీటు తీసుకెళ్ళి చూపించండి, వీలైతే బండే తీసుకెళ్ళండి.

వెనక గూని, అదే తాబేటి చిప్పలాంటి బుడిపె, విడిగా రెండు బోల్టులతో ఊడేలా పెట్టించుకోండి. ఆర్‌సీలో ఇద్దరు కూర్చునే బండి అనే ఉంటుంది. బుడిపె తీస్తే ఇద్దరు కూర్చునేంత సీటు ఉండాలి. ఇద్దరు కూర్చునే బండికి వెనక పట్టుకోవడానికి పిడి, ఫుట్‌రెస్టులు, వెనక చక్రం సగం కప్పే గార్డు ఉండాలని రూల్స్‌లోనే ఉంది. శారీ గార్డు చూడ్డానికి అసహ్యంగా ఉందని పీకేస్తారు, కానీ చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో మన ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. మ్యాట్ నలుపు కొట్టించండి, కలిసిపోతుంది.

ఫోమ్ మెత్తటిది వద్దు. గట్టి రీబాండెడ్ ఫోమ్ నలభై ఎంఎం కింద, పైన పది ఎంఎం మెత్తటిది. రెగ్జిన్ కుట్టించే ముందే ఫోమ్ మీద ఒక గంట కూర్చోండి. నిజంగా గంట. టీవీ చూస్తూ కూర్చోండి.

7. ట్యాంకు

లోపల టార్చి వేసి చూడండి. ఎర్రగా ఉంటే తుప్పు. పెట్రోల్ మొత్తం తీసేసి, కాక్ విప్పి రంధ్రం మూసేసి, లీటరు నీళ్ళకి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి నిండా పోసి ఒక రోజు ఉంచండి. పాత చైను ముక్క లోపల వేసి ఊపితే పెచ్చులు రాలతాయి. కానీ వేసిన చైను ముక్కకి దారం కట్టండి, లేకపోతే దాన్ని బయటికి తీయడానికి ఇంకో రోజు. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పండి. ఆరబెట్టడం ఆలస్యమైతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. పెట్రోల్ పోసే ముందు ఆ ఆయిల్ వంపేయండి.

సొట్టలు తీయించడానికి టింకరింగ్‌కి ఇస్తే ట్యాంకు పెట్రోల్ ఆవిరి లేకుండా కడిగి ఆరిందో లేదో మీరే చూసుకోండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరి ఉండగా వెల్డింగ్ నిప్పు తగిలితే బాంబే. ఇక్కడ మొహమాటం అస్సలు వద్దు.

8. గాలి, సైలెన్సర్

ఫిల్టర్ డబ్బా తీసేసి కార్బొరేటర్‌కి గుండ్రటి పాడ్ ఫిల్టర్ పెడితే ఖాళీ జాగా కనిపించి భలే ఉంటుంది, నిజమే. కానీ గాలి ఎక్కువ వస్తుంది, జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే చిన్న రంధ్రం) అదే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, యాక్సిలేటర్ వదిలితే టపటపా పేలుతుంది, వానలో నీళ్ళు పీలుస్తుంది. పెద్ద మెయిన్ జెట్లు తెచ్చి ఒక్కొక్కటీ వేసి చూసే ఓపిక ఉంటేనే ఆ జోలికి వెళ్ళండి. నేను డబ్బా ఉంచేసి సైడు కవర్లకి నలుపు కొట్టించాను. ఎవరూ అడగలేదు.

ఎలా ఉన్నా ప్లగ్గు చూడండి. ఖాళీ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు ఒకే స్పీడులో నడిపి, పక్కకి తీసి, తాళం కట్టేసి, చల్లారాక ప్లగ్గు విప్పండి. బిస్కెట్ రంగు ఉంటే బ్రహ్మాండం. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోల్ తక్కువ. పొడిగా నల్లగా ఉంటే ఎక్కువ. తడిగా నల్లగా ఉంటే ఆయిల్, మళ్ళీ 3వ దశకి వెళ్ళండి.

సైలెన్సర్ కంపెనీదే ఉంచండి. క్రోము తుప్పు పట్టి ఉంటే రుద్ది, వేడికి తట్టుకునే మ్యాట్ నలుపు కొట్టండి. పైపుకి గుడ్డ చుట్టడం ఫ్యాషన్ కానీ మన వానలకి ఆ గుడ్డ నీళ్ళు పట్టి ఉంచి లోపల పైపుని తినేస్తుంది, రెండు వానాకాలాల తర్వాత విప్పి చూస్తే జల్లెడ.

9. పెయింటు కంటే ముందు ఒకసారి మొత్తం బిగించండి

రంగు లేకుండా, తుప్పుతోనే, అన్నీ బిగించి వీధి చివరిదాకా నడిపి రండి. లైట్ల క్లాంపులు, నంబరు ప్లేటు, ఇండికేటర్లు, అన్నీ. అప్పుడే తెలుస్తుంది ఏది దేనికి తగులుతోందో, ఏ రంధ్రం ఎక్కడ కావాలో. పెయింటు అయ్యాక డ్రిల్లింగ్ పెడితే గుండె తరుక్కుపోతుంది. ఈ పని పూర్తయ్యాకే విప్పి రంగుకి ఇవ్వండి.

చాసిస్‌కి పౌడర్ కోటింగ్ ఇస్తే రెండు జాగ్రత్తలు. బేరింగు కప్పులు, మరలు ఉన్న రంధ్రాలు మూయించండి. చాసిస్ నంబరు మీద టేపు వేయించి, అక్కడ మాత్రం పల్చగా స్ప్రే కొట్టించండి. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది, అంకెలు పూడిపోతే రేపు రెన్యూవల్‌లో పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసేది) రాదు. అప్పుడు అది మీ బండేనని ఒప్పించడం మీ వల్ల కాదు.

10. వైరింగ్

పాత స్ప్లెండర్ హీరో హోండాది, కాబట్టి వైర్లకి హోండా రంగుల పద్ధతే: పచ్చ వైరు ఎర్తు, ఎరుపు బ్యాటరీ నుంచి, నలుపు తాళం తిప్పాక వచ్చే కరెంటు. వైర్లు కోసి పొట్టి చెయ్యకుండా మడిచి ట్యాంకు కింద సర్దండి.

పాత కిక్ స్ప్లెండర్‌లో హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలగదు, నేరుగా మాగ్నెట్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది. మీదీ అంతేనా అని చూడాలంటే, లైటు వేసి యాక్సిలేటర్ ఇవ్వండి, మోతతో పాటు వెలుతురు పెరిగితే ఏసీనే. అలాంటిదానికి ఆన్‌లైన్లో వచ్చే ఎల్‌ఈడీ గుండ్రటి లైటు పెడితే మిణుకుమిణుకుమని నాలుగు రోజుల్లో పోతుంది. 60 వాట్ల హాలోజన్ పెడితే కరెంటు చాలక గుడ్డిదీపమే. గుండ్రటి డూము కొనండి, లోపల బల్బు మాత్రం పాత 35 వాట్లదే వేయండి. ఎల్‌ఈడీయే కావాలంటే మొత్తం డీసీకి మార్పించాలి, బ్యాటరీ పెద్దది కావాలి, అది తెలిసిన ఎలక్ట్రీషియన్ పని.

చిన్న ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెట్టాక అవి పిచ్చిపట్టినట్టు గబగబా కొట్టుకుంటే కంగారు పడొద్దు. పాత ఫ్లాషర్‌కి (ఇండికేటర్లని వెలిగించి ఆర్పే డబ్బా) లోడు తక్కువైంది, ఎల్‌ఈడీ ఫ్లాషర్ వేస్తే సరి.

ఇక నన్ను రెండు సాయంత్రాలు ఏడిపించిన సంగతి. పెయింటు అయ్యి అన్నీ బిగించాక హారన్ దోమలా అంటోంది, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు వెలుగుతోంది. బ్యాటరీ మార్చాను, హారన్ మార్చాను, ప్రతి జాయింటూ విప్పి చూశాను. చివరికి చూస్తే పచ్చ వైరు బిగించే బోల్టు కింద చాసిస్ మీద కొత్త పౌడర్ కోటింగ్ నిగనిగలాడుతోంది. అందం బాగానే ఉంది, కరెంటు వెళ్ళే దారి మూసుకుపోయింది. ఎర్తు బోల్టు కింద రూపాయి బిళ్ళంత మేర ఇనుము కనిపించేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజిన్ బిగించే బోల్టుల దగ్గర కూడా అంతే.

11. టైర్లు, చక్రాలు

లావు టైరు మోజు ఉంటుంది. కంపెనీ సైజు రెండు వైపులా 2.75-18. వెనక 3.00-18 దాకా వెళ్ళండి, ఆపేయండి. రిమ్ము సన్నటిది, దానికి లావు టైరు ఎక్కిస్తే బెలూన్‌లా గుండ్రంగా అయిపోయి వంపుల్లో తేలుతుంది, చైనుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది. ఎక్కించాక చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉందా చూడండి, ఇద్దరు కూర్చున్నప్పుడు కూడా. గాలి ముందు 25, ఒక్కరే వెళ్తే వెనక 28.

వెనక చక్రం బిగించేటప్పుడు బ్రేకు ప్లేటుని పట్టి ఉంచే పొడుగాటి టార్క్ రాడ్డు ఉంటుంది. దాని బోల్టు, చివర స్ప్లిట్ పిన్ను పెట్టారా లేదా రెండోసారి చూడండి, మూడోసారి ఇంకొకరితో చూపించండి. పిన్ను లేక ఆ రాడ్డు ఊడితే బ్రేకు తొక్కినప్పుడు ప్లేటు తిరిగిపోయి చక్రం బిగుసుకుపోతుంది. పది రూపాయల్లోపు పిన్ను, పాతది మళ్ళీ వాడొద్దు.

చక్రాలు తిన్నగా ఉన్నాయా చూడటానికి దారం చాలు. వెనక టైరు వెనక నుంచి దారం చుట్టి రెండు వైపులా ముందుకి లాగండి, స్టాండుకి తగలకుండా కింది ఎత్తులో. రెండు టైర్లూ ఒకే సైజైతే దారం రెండింటినీ రెండు అంచుల దగ్గరా ముద్దుపెట్టుకోవాలి. వెనకది లావైతే ముందు టైరుకి రెండు వైపులా సమానమైన సందు ఉండాలి. తేడా ఉంటే చైను అడ్జస్టర్లతో సర్దండి. చైను మధ్యలో పైకీ కిందికీ రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. సెంటర్ స్టాండ్ పీకేయకండి, చైనుకి ఆయిల్ వేసేటప్పుడు నాకు దండం పెడతారు.

12. రోడ్డెక్కే ముందు

నెయిల్ పాలిష్ ఇక్కడ. ఇరుసు నట్లు, హ్యాండిల్ క్లాంపు, టార్క్ రాడ్డు, ఇంజిన్ బోల్టులు, సీటు బోల్టులు, అన్నీ ఫైనల్‌గా బిగించాక నట్టు మీద నుంచి పక్కన ఇనుము మీదికి ఒక చిన్న గీత గీయండి. నట్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. రోజూ పొద్దున బండి తీసేటప్పుడు అర నిమిషం చూస్తే చాలు, పానా అక్కర్లేదు. మా ఆవిడ ఎర్ర సీసా సగం దీనికే అయిపోయింది.

మొదట వీధిలో, ఇరవై స్పీడులో, బ్రేకులు ఒక్కొక్కటీ విడిగా పట్టి చూడండి. హెల్మెట్‌తో, "వీధి చివరికేగా" అనొద్దు. తర్వాత పది కిలోమీటర్లు నడిపి వచ్చి అన్ని గీతలూ చూడండి. తర్వాత యాభై, మళ్ళీ చూడండి. గుండ్రటి చిన్న మీటరు వేసి ఉంటే ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టి స్పీడు సరిపోల్చండి, ఆ మీటర్లు చాలావరకు అబద్ధం చెప్తాయి. అద్దాలు రెండూ ఉండాలి, చివరికి ఫొటో కోసం కూడా విప్పొద్దు, విప్పినవి మళ్ళీ బిగించినవాళ్ళని నేను చూడలేదు.

చేతులు తిమ్మిరెక్కితే హ్యాండిల్‌ని క్లాంపులో కొంచెం మీవైపు తిప్పండి. నడుము లాగితే ఫోమ్ వెనక అంచు పది ఎంఎం పెంచండి. ఈ సర్దుబాట్లకి ఓ నెల పడుతుంది.

విప్పిన ఒరిజినల్ సామాను, అంటే హ్యాండిల్, సీటు, వెనక మడ్‌గార్డు, ఇండికేటర్లు, మీటరు, అన్నిటికీ ఆయిల్ రాసి, పాత బెడ్‌షీట్లో చుట్టి, గోనెసంచిలో వేసి పైన బండి నంబరు రాసి అటకెక్కించండి. బోల్టులు కూడా అదే సంచిలో. ఇంట్లోవాళ్ళకి అది చెత్త కాదని గట్టిగా చెప్పండి, దీపావళికి ముందు ఇల్లు సర్దేటప్పుడు మళ్ళీ చెప్పండి. నా రెండో బండిని పోయినసారి రెన్యూవల్‌కి మామూలు స్ప్లెండర్‌గా మార్చడానికి ఆ సంచీతో రెండున్నర గంటలు పట్టింది, అందులో అరగంట నిచ్చెన వెతకడానికే.